గుండీల దొర కట్టించిన ఇటలీ మేడ

అమెరికా నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "నయాగరా చూశారా మేడమ్?" చూశాను. బోలెడన్ని నీళ్ళు బోలెడంత ఎత్తు నుంచి బోలెడంత చప్పుడు చేస్తూ పడుతున్నాయి. అంతకన్నా చెప్పలేను. ఎందుకంటే జలపాతం ఎదురుగా నిలబడ్డంతసేపూ మా అక్క నా చెవిలో ఏదో ఊదుతూనే ఉంది. ఆవిడ ఊదినదాని వల్ల మేం ఎక్కడికి వెళ్ళామో, అక్కడ ఏం చేసి వచ్చామో, అది రాస్తాను. నయాగరా ఎక్కడికీ పోదు. మీరు వెళ్ళినప్పుడు చూసుకోండి.

ముందు మనుషుల్ని చెప్పాలి. మా అక్క సుభద్ర క్లీవ్‌లాండ్‌లో ఒక ఆసుపత్రిలో పెథాలజిస్టు. మా బావగారు రామ్మోహనరావు అదే ఆసుపత్రిలో మత్తు డాక్టరు. నేను కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతాను. ఎనభై నాలుగులో వేసవి సెలవులకి ఇంకొంచెం సెలవు అతికించి, కరివేపాకు ఎండబెట్టి మూట కట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. బావగారు జాగ్రత్తపరులు. ఒక టోస్టరు కొనడానికి నెలల తరబడి లైబ్రరీలో పత్రికలు తిరగేసిన మనిషి. కారు కూడా రోడ్డుకి కుడి అంచునే, వెనకాల లారీవాళ్ళు విసుక్కునేలా నడుపుతారు.

స్ట్రాబెర్రీల డబ్బా

పొద్దున్నే ఐస్‌పెట్టెలో పులిహోర, దద్దోజనం, అరటిపండ్లు సర్దుకుని బయల్దేరాం. ఎడమ పక్క ఈరీ సరస్సు. సరస్సంటే కొల్లేరు లాంటిదనుకున్నాను. ఇది మా కాకినాడ సముద్రంలాగే ఉంది, ఉప్పు వాసన తప్ప అన్నీ ఉన్నాయి. రోడ్డుకి కుడి పక్క ద్రాక్ష తోటలు, మైళ్ళకు మైళ్ళు.

పెన్సిల్వేనియాలో ఒకచోట రోడ్డు పక్కన బల్ల మీద స్ట్రాబెర్రీల బుట్టలు పెట్టి ఉన్నాయి. మనిషి లేడు. బుట్టల పక్కన ఒక రేకు డబ్బా, దాని మీద ‘ఒక డాలరు’ అని రాసుంది.

"డాలరు డబ్బాలో వేసి బుట్ట తీసుకో," అన్నారు బావగారు.

"ఎవరూ లేకుండానా?"

"లేకుండానే."

నాకు చేతులు రాలేదు. పక్కన డబ్బున్న డబ్బా, ఎదురుగా పండ్లు, చుట్టూ ఎవరూ లేరు. ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంది. కాకినాడ మెయిన్ రోడ్డులో ఈ బల్ల పెడితే సాయంత్రానికి బల్ల కూడా ఉండదు. యజమాని వస్తే చెప్పి తీసుకుందామని నేను పట్టుబట్టాను. సరేనని ముగ్గురం బల్ల ముందు వరసగా నిలబడ్డాం. కాసేపటికి తోట వెనకాల ఇంట్లోంచి ఒకావిడ జుట్టుకి చుట్టుకున్న ప్లాస్టిక్ రింగులతోనే పరుగెత్తుకొచ్చింది. "కారు చెడిపోయిందా? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అంటూ.

"లేదండీ, పండ్లు కొంటున్నామని చెబుదామని," అన్నాను.

ఆవిడ నన్నూ, నా చీరనీ, నా చేతిలో డాలరునీ చూసి, నడుం పట్టుకుని నవ్వింది. ఇంకో బుట్ట ఊరికే ఇచ్చింది. కారెక్కాక డాలరుని రూపాయల్లోకి మార్చడానికి పన్నెండుతో గుణించబోతే అక్క నా నోరు మూసింది. గుణించుకుంటూ కూర్చుంటే అమెరికాలో మంచినీళ్ళు కూడా గొంతు దిగవట.

వణికే మంచం

సాయంత్రం నయాగరాకి కొంచెం ఇవతల ఒక మోటెల్‌లో దిగాం. మోటెల్ అంటే కారుని గది గుమ్మం ముందే కట్టేసుకునే సత్రం. మంచం పక్కన చిన్న ఇనప పెట్టె ఉంది. పావలా డాలరు నాణెం వేస్తే మంచం వణుకుతుందట, అలసట తీరడానికి. బావగారు దాని మీద రాసింది రెండుసార్లు చదివి, బూట్లు విప్పి, పద్ధతిగా పడుకుని నాణెం వేశారు.

వణికింది. నిజంగానే వణికింది. ఇక ఆగలేదు.

"సు-భ-ద్రా, ఆ-పు!" అంటున్నారు ఆయన, ఒక్కో అక్షరం విడివిడిగా. అక్క పెట్టెని కొట్టింది. నేను వైరు వెతకడానికి మంచం కిందికి దూరాను. మంచం గది మధ్యదాకా నడిచొచ్చింది. చివరికి మోటెల్ ఓనరు వచ్చి దాన్ని ఒక్క తన్ను తన్నాడు. ఆగింది. ఆయన గుజరాతీ, పటేల్. మేం తెలుగువాళ్ళమని తెలిసి, వణికించినందుకు పరిహారంగా వాళ్ళావిడ చేత అల్లం టీ పంపించాడు. అమెరికాలో నేను తాగిన అన్ని టీలలోకీ అదే మంచిది.

నీటి తుంపర్లలో

మర్నాడు జలపాతం దగ్గర పసుప్పచ్చ రెయిన్‌కోట్లలో నిలబడి ఉండగా, అక్క ఊదడం మొదలెట్టింది.

"చిట్టీ, ఇక్కణ్ణుంచి రెండు మూడు గంటల్లో ఒక ఇల్లుంది. ఆదివారం పేపర్లో చిన్న యాడ్ వచ్చింది. ఇటాలియన్ విల్లా, సరస్సు ఒడ్డున. ‘ఇల్లంటే ఏంటో తెలిసినవాళ్ళే రండి’ అని రాసుంది. నేను ఫోన్ చేశాను. ఇంటావిడ ఇవాళ లంచ్‌కి రమ్మంది."

"బావగారికి తెలుసా?"

"తెలిస్తే ఇక్కడిదాకా వచ్చేవారా?"

"కొంటావా ఏంటే, క్లీవ్‌లాండ్‌లో ఉద్యోగాలు పెట్టుకుని?"

అక్క రెయిన్‌కోటు టోపీలోంచి అటూ ఇటూ చూసింది. "ఆ ఊరి ఆసుపత్రికి మత్తు డాక్టరు కావాలి. పెథాలజిస్టూ కావాలి. అది కూడా కనుక్కున్నాను." తర్వాత గొంతు మారింది. "పెథాలజీ అంటే ఎక్కడ పెడతారో తెలుసా? ఏ ఆసుపత్రిలోనైనా కిందే, శవాల గది పక్కన. పొద్దున చీకట్లో దిగుతాను, సాయంత్రం చీకట్లో ఎక్కుతాను. ఆవిడ ఫోన్లో చెప్పింది, ఇంట్లో ప్రతి గదికీ సరస్సు వైపు కిటికీ ఉందట. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు."

మా అక్క చిన్నప్పటి నుంచీ ఏదీ అడిగిన మనిషి కాదు. అందుకే నేను ఆ కుట్రలో చేరిపోయాను. బావగారి దగ్గరికి వెళ్ళి, "ఇంకో సరస్సు చూద్దామా బావగారూ? అక్కడ మనల్ని భోజనానికి పిలిచినవాళ్ళున్నారు," అన్నాను. భోజనం అనగానే ఆయన వాచీ చూసుకుని సరేనన్నారు. జలపాతం మా వెనకాల పడుతూనే ఉంది.

సింహాల గేటు

న్యూయార్క్ రాష్ట్రంలో ఆ ప్రాంతంలో సన్నగా, పొడుగ్గా, చేతివేళ్ళలాగా సరస్సులుంటాయి. వాటిలో ఒకదాని గట్టున, ఆపిల్ తోటలు, గడ్డివాములూ దాటాక, గేటుకి అటొకటి ఇటొకటి రాతి సింహాలు కనిపించాయి. ఒక సింహానికి ముక్కు లేదు. లోపల వేసవి ఎండలో లేత గులాబీరంగు మేడ. ఆర్చీలు, స్తంభాలు, ఎర్ర పెంకుల కప్పు, సరస్సులోకి దిగే మెట్లు. అటూ ఇటూ పక్కింటివాళ్ళ కొట్టం, ట్రాక్టరు. మధ్యలో ఇది, పెళ్ళివారు దారితప్పి వచ్చి కూర్చున్నట్టుంది.

బావగారు ఇంజన్ ఆపారు. "ఇది ఎవరిల్లు?"

"చెబుతా రండి," అంది అక్క.

ఆయనకి అర్థమైపోయింది. నా వైపు తిరిగి, "జనానికి మత్తు ఇవ్వడం నా ఉద్యోగం. మీ అక్క నాకే ఇస్తోంది చూడు!" అన్నారు.

తలుపు తీసినావిడ పేరు రోజెట్టా. డెబ్బై దాటి ఉంటాయి. పొట్టిగా, గుండ్రంగా, రెండు చేతికర్రల మీద నిలబడి ఉంది. మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఆకలిగా ఉన్నారా?"

బావగారు వెంటనే, "ఉన్నామండీ," అన్నారు.

"అయితే మాట్లాడుకోవచ్చు," అందావిడ.

భోజనానికి ముందే విషయం చెప్పేసింది. మోకాళ్ళు పోయాయి, ఈ ఇంటి మెట్లు ఎక్కలేకపోతోంది. పిల్లలు కాలిఫోర్నియాలో ఉన్నారు, మంచు పడే ఊరికి రారు. ఒక బిల్డరు వెంటపడుతున్నాడు. అతనికిస్తే మేడ పడగొట్టి ఫ్లాట్లు కడతాడు. ఇవాళ సాయంత్రం అతనికి ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి. "ఇప్పటిదాకా వచ్చినవాళ్ళందరూ హీటింగ్ ఖర్చు అడిగి వెళ్ళిపోయారు," అంది.

బావగారు జేబులోంచి పెన్ను తీస్తూ, "హీటింగ్ ఖర్చెంతండీ?" అన్నారు. అక్క ఆయన కాలు తొక్కింది.

పైకప్పు మీది మొహాలు

చపాతీ పిండిలాంటిదాన్ని ఆవిడ చేత్తో సన్నగా కత్తిరించి ఉడికించి, టమాటా గుజ్జు కలిపి పెట్టింది. ఆ గుజ్జు పొద్దుటి నుంచీ పొయ్యి మీదే ఉందట. మన గోదావరి జిల్లాల్లో లాగే ఖాళీ పళ్ళెం కనబడితే ఊరుకోదు. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ మీదే వడ్డించింది. తింటూ, తర్వాత గది గదీ తిప్పుతూ, ఇంటి కథ చెప్పింది.

ఈ మేడ కట్టించిన దొరకి గుండీల కంపెనీ ఉండేది. దేశంలో సగం చొక్కాలు ఆయన గుండీలతోనే మూసుకునేవని రోజెట్టా గారు చెప్పింది. కొత్త పెళ్ళాంతో ఇటలీ వెళ్తే, అక్కడ ఒక సరస్సు పక్కన మేడ చూసి ఆవిడ, "నాకు ఇది కావాలి," అంది. టేపు లేదు. దొరగారు చేతిలో గొడుగుతో మేడనంతా కొలిచి, లెక్క రాసుకుని వచ్చాడు. ఓడలో గొడుగు పోయింది. ఇక్కడ కొత్త గొడుగు కొని, దాంతో కొలిచి కట్టించాడు. కొత్త గొడుగు పొడుగు. అందుకే ఈ ఇంట్లో మెట్లన్నీ మనిషి కాలికి కొంచెం ఎత్తు, తలుపు గడియలన్నీ కొంచెం పైన. బావగారు నమ్మలేదు. మెట్టెక్కి చూశారు, మోకాలు గడ్డం దాకా వచ్చింది. నమ్మారు.

ఇటలీలో వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ మేడకి వెచ్చదనం ఏర్పాట్లు లేవు. అందుకని దీనికీ పెట్టించలేదు. మొదటి మంచుకే ఆ దొరసాని పుట్టింటికి వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నది ఒక పాటకత్తె, పెద్ద పెద్ద నాటకశాలల్లో పాడే మనిషి. ఆవిడ హీటింగూ పెట్టించింది, డాన్సుల హాలు పైకప్పు మీద ఎగిరే దేవతల బొమ్మలూ వేయించింది. తలెత్తి చూస్తే దేవతలందరిదీ ఒకటే మొహం. ఎవరిదో చెప్పక్కర్లేదు. చివరికి పళ్ళ డాక్టర్ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ దగ్గర్నుంచి కాన్వెంటు సిస్టర్లు కొని ఆడపిల్లల బడి పెట్టారు. దేవతలకి బట్టలు లేవని నిచ్చెన వేసుకుని ఒక్కొక్క దేవతకీ నీలం గౌను, తెల్ల కాలరు, అచ్చం బడి యూనిఫాం, రంగేశారు. మా కాలేజీ ప్రిన్సిపాల్ గారు చూస్తే ఎంత సంతోషించేవారో!

బడి మూతపడ్డాక ఒకాయన పుట్టగొడుగులు పెంచడానికి కొన్నాడు. పాలరాతి నేల మీద పేడ పోసి, కిటికీలన్నీ నల్లగుడ్డలతో కప్పేశాడు. అక్క, "కిటికీలా!" అని గుండె పట్టుకుంది.

హాలు మధ్యలో రోజెట్టా గారు ఆగింది. "ఇక్కడ ఎవరైనా పాడితే తెలుస్తుంది ఇల్లంటే ఏంటో. నాకు పాట రాదు. మీలో ఎవరు పాడతారు?"

అక్కా నేనూ ఒకేసారి బావగారి వైపు చూశాం. మెడికల్ కాలేజీలో ఆయన పద్య నాటకాలాడేవారు. రాగం తీస్తే హాస్టల్ గోడ మీద కాకులు లేచేవని చెప్పుకునేవాళ్ళు. అమెరికా వచ్చాక బాత్‌రూమ్‌లో కూడా పాడలేదు, పక్కింటివాళ్ళేమనుకుంటారోనని.

"నేనా? ఇక్కడా? ఛ ఛ," అంటూనే గొంతు సవరించుకున్నారు. ఒక పద్యం ఎత్తుకున్నారు. మొదటి పాదం కాస్త బెరుగ్గానే వచ్చింది. కానీ ఆ హాలు దాన్ని పట్టుకుని, గుండ్రంగా తిప్పి, రెండింతలు చేసి ఆయనకి తిరిగి ఇచ్చింది. బావగారు ఉలిక్కిపడి చుట్టూ చూశారు. రెండో పాదం ఇంకొంచెం గట్టిగా. మూడో పాదానికి చెయ్యి లేచింది. నాలుగో పాదం చివర రాగం తీశారు చూడండి, యూనిఫాం దేవతలందరూ వంత పాడుతున్నట్టు పైకప్పంతా మోగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆయన ఆపాక కూడా హాలు కాసేపు పాడింది.

"మళ్ళీ!" అంది రోజెట్టా గారు.

ఆయన మూడుసార్లు మళ్ళీ పాడారు. ఆఖరికి కోటు విప్పి నా చేతికిచ్చి మరీ పాడారు.

ముందు తలుపు

కాఫీ ఇస్తుండగా నేను అడిగాను, పుట్టగొడుగులాయన తర్వాత ఎవరని.

"నేనే," అందావిడ. "గుండీల దొర ఇటలీ నుంచి తాపీవాళ్ళని తెప్పించాడని చెప్పానా? మా నాన్న వాళ్ళలో ఒకడు. ఈ మెట్లు పేర్చింది ఆయనే. కట్టినన్నాళ్ళూ వాళ్ళకి ముందు తలుపు లేదు, వెనక నుంచే రావాలి. మా ఆయనా నేనూ ఊళ్ళో రొట్టెల దుకాణం నడిపాం. ఈ ఇల్లు అమ్మకానికొస్తే, పేడ వాసనకి ఎవరూ ముందుకు రాలేదు. మేం కొన్నాం. కొన్న రోజున మా నాన్నని పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి, ముందు తలుపు నుంచి లోపలికి తీసుకొచ్చాను."

"ఆయన ఏమన్నారు?" అంది అక్క.

"ఆ మూడో మెట్టు మీద కూర్చుని, దాన్ని చేత్తో రాసుకుంటూ, ‘ఇది వంకరగా పెట్టాను, అప్పుడెవరూ చూడలేదు,’ అన్నాడు. కాఫీ అడిగాడు. ఆ రోజంతా అక్కణ్ణుంచి లేవలేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నవ్వింది. మా అక్క మాత్రం తుడుచుకుంది.

పాలు

"మీ దేశంలో కొత్త ఇంట్లోకి ఎలా వెళ్తారు?" అని అడిగింది రోజెట్టా గారు.

"పాలు పొంగిస్తాం," అన్నాను నేను. "పొయ్యి వెలిగించి, పాలు గిన్నె దాటి పొర్లేదాకా ఆగుతాం. ఇల్లు నిండుగా ఉండాలని."

"కావాలనే పొర్లిస్తారా?" ఆవిడకి భలే నచ్చింది. "అయితే ఇప్పుడే పొంగించండి. కాగితాలు తర్వాత. ముందు ఇంటికి మీరు నచ్చారో లేదో చూడాలి."

"ఇంకా ఏమీ అనుకోలేదు కదండీ," అన్నారు బావగారు. కానీ గొంతులో మునుపటి గట్టిదనం లేదు. పాడి పాడి అలసిన గొంతది.

అప్పటికే అక్క చెప్పులు విప్పేసింది. సిస్టర్ల కాలంనాటి రాగి గిన్నె ఒకటి దొరికింది, బడిపిల్లలందరికీ కాఫీ కాయొచ్చు దాన్లో. ఫ్రిజ్‌లో ఉన్న పాలన్నీ పోశాం. గ్యాసు పొయ్యి పెద్దమంట పెట్టింది రోజెట్టా గారే. నలుగురం చుట్టూ నిలబడ్డాం. పాలు కదిలాయి, నురగొచ్చింది, లేచాయి. పొర్లాయి! రోజెట్టా గారు చేతికర్రలు టకటకలాడిస్తూ కేరింతలు కొట్టింది. "ఇంకా! ఇంకా రానివ్వండి!" మేమూ మంట తగ్గించలేదు. పాలు మాడి వంటిల్లంతా నల్లటి పొగ కమ్మింది.

అప్పుడు గణగణమని గంట మోగింది. ఒక్క గంట కాదు, ఇల్లంతా గంటలే. రోజెట్టా గారు నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో దేవుడా! సిస్టర్లు బడికి పెట్టించిన అగ్నిప్రమాదం గంట. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మోగలేదు. అది నేరుగా ఫైర్ స్టేషన్‌కి మోగుతుంది!"

మేం కిటికీలు తెరిచి పొగని బయటికి తోలేలోపే, సింహాల గేటులోంచి ఎర్రటి ఇంజను వచ్చేసింది. ఊరివాళ్ళే ఫైర్‌వాళ్ళు కూడా. ఒకాయన మంగలి, ఒకాయన బడిపంతులు, ఇంకొకాయన పెట్రోలు బంకు నుంచి మసిచేతులతోనే వచ్చాడు. గొట్టం భుజాన వేసుకుని వంటింట్లోకి దూసుకొచ్చి, చెప్పుల్లేని ముగ్గురు ఇండియన్లనీ, కన్నీళ్ళొచ్చేలా నవ్వుతున్న రోజెట్టా గారినీ చూసి ఆగిపోయారు.

"నిప్పేదీ?"

"పాలు," అంది అక్క.

అందరిలో పెద్దాయన, మీసాలాయన, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "సరే. అమ్మకానికి పెట్టారని విన్నాం, ఇప్పుడు ఈ ఇంటి ఓనరు ఎవరు?"

రోజెట్టా గారు అక్క వైపు చూసింది. అక్క బావగారి వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

బావగారు చొక్కా చేతులు కిందికి దించుకుని, గుండీలు పెట్టుకుని, ఒక అడుగు ముందుకేశారు. "మేమే సార్," అన్నారు. "క్షమించాలి. ఇప్పుడే చేరాం."

అక్క ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రోజెట్టా గారు మాత్రం నేరుగా గోడ ఫోన్ దగ్గరికి వెళ్ళి బిల్డరుకి డయల్ చేసింది. "అమ్ముడైపోయింది. లేదు, తర్వాత మాట్లాడను. ఇంటినిండా చుట్టాలున్నారు," అని పెట్టేసింది. తర్వాత మా వైపు తిరిగి, కింద చివరి గది తను ఉన్నంతకాలం తనదేనంది. "మెట్లు లేని గది అదొక్కటే. నేనెక్కడికీ పోను. మీకు సాస్ చెయ్యడం ఎవరు నేర్పిస్తారు?" అక్క వెళ్ళి ఆవిణ్ణి కావలించుకుంది.

చుట్టాలన్నాక పెట్టాలిగా. ఐస్‌పెట్టె తెచ్చి పులిహోర వడ్డించాను. ఫైర్‌వాళ్ళు పెద్ద బూట్లతో వంటింటి నేల మీదే కూర్చుని ఫోర్కులతో తిన్నారు. మీసాలాయన కరివేపాకు పైకెత్తి చూసి, ఇది తినాలా పారెయ్యాలా అని అడిగాడు. మా ఇళ్ళల్లో దాని మీద ఇంకా ఒక నిర్ణయానికి రాలేదన్నాను. ఎండు మిరపకాయ కొరికిన పంతులుగారికి మాత్రం గొట్టంలో నీళ్ళే గతయ్యేలా ఉంది. మిగిలిన దద్దోజనం పెట్టి రక్షించాను.

తిరుగు దారి

క్లీవ్‌లాండ్ వైపు బయల్దేరాం. బావగారు రోడ్డుకి నడిమి వరసలో, ఒక చేత్తో, కూనిరాగం తీస్తూ నడుపుతున్నారు. ఉన్నట్టుండి రాగం ఆపారు.

"సుభద్రా, ఆ ఇంట్లో గదులెన్ని?"

అక్క నా వైపు చూసింది. "చిట్టీ, నువ్వు లెక్కపెట్టావా?"

"నేనెందుకు లెక్కపెడతానే, కొన్నది మీరైతే?"

"మూడో అంతస్తులో ఏముంది?" అన్నారాయన.

"మూడో అంతస్తు ఉందా!" అంది అక్క.

బావగారికి నవ్వొచ్చింది. ముందు మెల్లగా, తర్వాత స్టీరింగ్ మీద తల ఆనించేంత. రోడ్డు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది. ఇద్దరు డాక్టర్లు, ఒక లెక్చరరు, ఒక మేడ కొని, అందులో ఏముందో చూడకుండా వచ్చేశాం. పక్క నుంచి వెళ్ళే లారీలవాళ్ళు హారన్ కొట్టి మరీ వెళ్ళారు. మేం ముగ్గురం పొట్ట పట్టుకుని, మాట రాక, ఒకరినొకరు చూసుకుని మళ్ళీ మొదలుపెట్టి, అలా ఎంతసేపు నవ్వామో తెలియదు.

నేను కాకినాడ వచ్చేశాక అక్టోబరులో ఒక పొద్దున అక్క ట్రంక్‌కాల్ చేసింది. కాగితాలన్నీ అయ్యాయట, సామాను దించారట. గొంతు చించుకుని అరుస్తోంది, పక్కింటివాళ్ళక్కూడా వినబడేలా.

"మూడో అంతస్తు ఉందే చిట్టీ! పడవ ఉంది!"

"ఏంటీ?"

"పడవే, పడవ! తెడ్లతో సహా! కిటికీల్లోంచి పట్టదు, మెట్ల మీంచి రాదు. ఎవరు పెట్టారో రోజెట్టా గారిక్కూడా తెలియదు! మీ బావగారు దాన్లో కూర్చుని పద్యాలు పాడుతున్నారు, దిగి రమ్మంటే రావట్లేదు, నువ్వైనా చెప్పవే..."

అక్కడితో లైను తెగిపోయింది.